ఇంటికొచ్చే నర్సమ్మ: దక్షిణాసియా వైద్యంపై ఒక సమీక్ష

వేలూరులో సీఎంసీ ఆసుపత్రి చుట్టూ ఉన్న వీధుల్లో లాడ్జీల బోర్డులు తమిళంతో పాటు బెంగాలీలోనూ కనిపిస్తాయి. చేపల కూర, అన్నం వడ్డించే బెంగాలీ మెస్సులు అక్కడ చాలానే ఉన్నాయి. చిత్తూరు, నెల్లూరు జిల్లాల వాళ్లకు వేలూరు పక్క ఊరి లాంటిదే. బెంగాల్ వాళ్లు మాత్రం రోజుకు పైగా రైల్లో కూర్చుని వస్తారు. వాళ్లతో కలిసి బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్లు, భూటాన్ ప్రభుత్వం తన ఖర్చుతో పంపిన రోగులు కూడా అదే ఓపీ వరసలో నిలబడతారు. మాల్దీవుల వాళ్లు తిరువనంతపురం వెళ్తారు. లాహోర్, కరాచీల నుంచి కాలేయ మార్పిడి కోసం ఢిల్లీకి, చెన్నైకి వచ్చేవాళ్లు. ఆఫ్ఘన్ రోగులు తోర్ఖం దాటి పెషావర్ చేరుకునేవాళ్లు.

ఈ రాకపోకలను వైద్య పర్యాటకం అని మురిసిపోయేవాళ్లు ఉన్నారు. నాకు అలా అనిపించదు. ఉన్న పొలం అమ్మి, పెళ్లికి దాచిన బంగారం కుదువబెట్టి, తెలియని భాష మాట్లాడే ఊళ్లో నెలల తరబడి గది అద్దె కట్టేవాళ్లను పర్యాటకులు అనలేం. పైగా వాళ్ల ప్రాణం వీసా మీద ఆధారపడి ఉంటుంది. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం మారాక భారత్ బంగ్లాదేశ్‌కు ఇచ్చే వీసాలు బాగా తగ్గిపోయాయి. కోల్‌కతా ఆసుపత్రుల్లో బంగ్లాదేశ్ రోగుల వరస పలచబడింది. 2025 మార్చిలో బంగ్లాదేశ్ రోగుల మొదటి జట్టు వైద్యానికి చైనాలోని కున్మింగ్ వెళ్లింది. పహల్గాం దాడి తర్వాత పాకిస్తానీయుల వైద్య వీసాలకు భారత్ 2025 ఏప్రిల్ 29ని గడువుగా పెట్టింది. ఆపరేషన్ అయినవాళ్లు, కావాల్సినవాళ్లు అందరూ సర్దుకుని వెళ్లిపోవాల్సి వచ్చింది.

వీసాల సంగతి అలా ఉంచి అసలు ప్రశ్నకు వద్దాం. సొంత ఊళ్లో ఏం లేకపోతే ఇంతమంది దేశం దాటుతున్నారు? పెద్ద ఆసుపత్రులు లేకనే అని చాలామంది జవాబు చెబుతారు. దక్షిణాసియా దేశాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే ఆ జవాబు నిలబడదు. ఎక్కడ జనం ఎక్కువకాలం బతుకుతున్నారో, ఎక్కడ తల్లులు ప్రసవంలో చనిపోవడం బాగా తగ్గిందో అక్కడ ముందుగా కుదురుకున్నది పెద్దాసుపత్రి కాదు. ఇంటి గుమ్మం దాకా వచ్చే ఒక ఉద్యోగిని, ఆమె వెనక డబ్బు అడగని ఒక చిన్న దవాఖానా. ఈ రెండూ కుదిరిన చోట పెద్దాసుపత్రి మీద బరువు తగ్గింది. కుదరని చోట ఎన్ని అంతస్తులు కట్టినా వరస తగ్గలేదు.

శ్రీలంక గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. 1934-35లో ఆ దీవిని మలేరియా ఊడ్చేసింది. కొద్ది నెలల్లోనే ఎనభై వేల మంది దాకా చనిపోయారు. ఆ నాటికి అక్కడ లక్ష ప్రసవాలకు రెండు వేలకు పైగా తల్లులు మరణించేవారు. అంత దీనస్థితి నుంచి బయటపడటానికి బీజం వైద్యంలో కంటే ఓటులో ఉంది. 1931లోనే స్త్రీలతో సహా వయోజనులందరికీ అక్కడ ఓటుహక్కు వచ్చింది. పల్లె నుంచి గెలిచి వచ్చిన ప్రతినిధి తన ఊరికి బడి అడిగాడు, దవాఖానా అడిగాడు. కొలంబోకు దక్షిణాన కలుతరలో 1926లోనే మొదలైన ఆరోగ్య యూనిట్ పద్ధతి దీవి అంతటికీ పాకింది. ఒక డాక్టరు, కొందరు ఇన్‌స్పెక్టర్లు, మంత్రసాని శిక్షణ పొందిన ఆడవాళ్లు కలిసి ఒక ప్రాంతం బాధ్యత తీసుకోవడం ఆ పద్ధతి. 1951లో ప్రభుత్వాసుపత్రుల్లో ఫీజులు ఎత్తేశారు. అప్పటికి ఆ దేశం ధనిక దేశమేమీ కాదు, ఇప్పుడూ కాదు.

ఆ యూనిట్‌కు ప్రాణం ప్రజారోగ్య మంత్రసాని. ఏడాదిన్నర శిక్షణ, ప్రభుత్వ జీతం, పింఛను ఉన్న ఉద్యోగం ఆమెది. తన పరిధిలోని కొన్ని వేల మంది జనాభాలో ఎవరు గర్భవతి అయ్యారో, ఎవరి బిడ్డ బరువు పెరగడం లేదో ఆమె పుస్తకంలో ఉంటుంది. బాలింత ఇంటికి రాగానే ఆమె వెళ్లి చూడాలి. ప్రసవంలో తల్లి చనిపోతే ఆ ఒక్క మరణానికి కారణం ఏమిటో, ఎక్కడ ఆలస్యం జరిగిందో కూర్చుని విచారించే పద్ధతి ఉంది. ఈ విచారణ తప్పు చేసినవాళ్లను వెతికే పోలీసు పని కాదు, రెండో తల్లి అదే కారణంతో పోకుండా చూసుకునే పని. ఇప్పుడక్కడ లక్ష ప్రసవాలకు ముప్పై ప్రాంతంలోనే తల్లుల మరణాలు ఉంటున్నాయి. 2018-20 లెక్కల్లో భారతదేశ సగటు 97. ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43, కేరళలో 19. మన తెలుగు రాష్ట్రాలు బాగానే దిగివచ్చాయి, అయినా మనకంటే ఎంతో ముందుగా శ్రీలంక ఆ మెట్టు దిగింది. ఎనభై వేల మందిని మింగిన మలేరియా నుంచి కూడా 2016లో ఆ దేశం విముక్తమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

మందుల విషయంలోనూ ఆ చిన్న దేశం తెగువ చూపింది. కొలంబోలో ఫార్మకాలజీ ప్రొఫెసరు సేనక బిబిలే వేల రకాల బ్రాండ్లను పక్కనపెట్టి, అవసరమైన మందులను వాటి అసలు పేర్లతో, పోటీ టెండరులో కొనాలని పట్టుబట్టాడు. 1971లో ప్రభుత్వ మందుల సంస్థ ఏర్పడింది. పెద్ద కంపెనీల ఒత్తిడికి ఆ విధానం తర్వాత చాలావరకు నీరుగారిపోయింది గానీ దాన్ని చూసి నేర్చుకున్న దేశాలు ఉన్నాయి. వాటిలో బంగ్లాదేశ్ ఒకటి.

శ్రీలంకను స్వర్గం చేసి చూపించడం నా ఉద్దేశం కాదు. చిన్న జబ్బులకు చూపించుకునేవాళ్లలో దాదాపు సగం మంది అక్కడ కూడా ప్రైవేటుకే పోతారు. పగలు ప్రభుత్వాసుపత్రిలో ఉండే స్పెషలిస్టే సాయంత్రం ప్రైవేటులో కూర్చుంటాడు. దాన్ని వాళ్లు ‘ఛానెలింగ్’ అంటారు. 2022లో డాలర్లు అయిపోయినప్పుడు ఈ వ్యవస్థ ఎంత సన్నని దారం మీద నడుస్తోందో బయటపడింది. ఆ మార్చి చివరలో పేరాదెనియ బోధనాసుపత్రిలో మందులు లేక, ముందుగా రాసిన ఆపరేషన్లు ఆపేశారు. డాక్టర్లు, నర్సులు వేరే దేశాలకు వెళ్లిపోయారు. అయినా ప్రభుత్వాసుపత్రుల్లో వైద్యం మాత్రం ఉచితంగానే ఉండిపోయింది. డెబ్బై ఏళ్లు అనుభవించిన హక్కును జనం వదులుకోరు.

బంగ్లాదేశ్ కథలో గొప్పతనం, విషాదం రెండూ ఉన్నాయి. మన ఇళ్లలో బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే మెడికల్ షాపులో అడిగే ఓఆర్ఎస్ ప్యాకెట్ ఢాకాలో పుట్టింది. 1960లో అక్కడ పెట్టిన కలరా పరిశోధనాలయంలో, 1968లో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ తమ స్థానిక సహచరులతో కలిసి దాన్ని రోగుల మీద నిరూపించారు. 1971 యుద్ధంలో లక్షలాది కాందిశీకులు సరిహద్దు దాటి వచ్చినప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపి, తల్లుల చేత, అన్నల చేత, అక్కల చేత రోగులకు తాగించాడు. నూటికి ముప్పై మంది చనిపోతున్న చోట మరణాలు నాలుగుకు లోపు దిగాయి. 2022లో ఆయన పోయాక మనదేశం పద్మవిభూషణ్ ఇచ్చింది. బతికి ఉండగా ఇవ్వాల్సింది.

ఆ తర్వాత బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ చేసిన పని నాకు ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. 1980 నుంచి పదేళ్లలో ఆ సంస్థ ఆడ కార్యకర్తలు కోటికి పైగా ఇళ్లకు నడిచి వెళ్లారు. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు. ఇదే పాఠం, చేసి చూపించి, తల్లి చేత చేయించడం. నెల గడిచాక వేరొకరు వచ్చి ఆ తల్లికి ఎంత గుర్తుందో పరీక్షిస్తారు, ఆమె కలిపిన నీళ్లలో ఉప్పు పాళ్లు సరిగా ఉన్నాయో లేదో చూస్తారు. దాన్నిబట్టి కార్యకర్తకు డబ్బు. తల్లి నేర్చుకుంటేనే చెప్పినవాళ్లకు జీతం అన్న ఈ ఏర్పాటును మన దగ్గర ఏ పథకంలోనూ నేను చూడలేదు. దీనికి తోడు 1970ల చివరి నుంచి ప్రభుత్వ కుటుంబ సంక్షేమ సహాయకులు ఇంటింటికీ తిరిగారు. ఆరుకు పైగా ఉన్న సగటు సంతానం రెండు పైచిలుకుకు వచ్చింది. 1972లో సావర్‌లో గణస్వాస్థ్య కేంద్రం పెట్టిన డాక్టర్ జఫ్రుల్లా చౌధురి పట్టుదల వల్ల 1982 ఔషధ విధానం వచ్చి, పనికిరాని మందులను నిషేధించింది. ఇవాళ ఆ దేశానికి కావాల్సిన మందులు దాదాపు అన్నీ అక్కడే తయారవుతాయి.

మరి ఆ దేశం రోగులే వేలూరుకు ఎందుకు వస్తున్నారు? నీళ్లవిరేచనాలను, టీకాలను గెలిచిన పద్ధతి గుండెజబ్బును, క్యాన్సర్‌ను, కిడ్నీని ముట్టుకోలేదు. ప్రభుత్వం ఆరోగ్యానికి పెట్టే ఖర్చు జాతీయాదాయంలో ఒక శాతం కూడా లేదు. వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో నూటికి డెబ్బైకి పైగా రోగి జేబులోంచే పోతుంది. ఆరు వేల జనాభాకు ఒక కమ్యూనిటీ క్లినిక్ అని 1990ల చివర్లో మొదలుపెట్టి, 2001లో ప్రభుత్వం మారగానే మూసేసి, 2009లో మళ్లీ తెరిచారు. అన్నేళ్లు తాళం పడిన దవాఖానా మీద జనానికి నమ్మకం తిరిగి రావడం కష్టం. వాళ్లు పల్లెటూరి డాక్టరు దగ్గరికే పోతారు, మన ఊళ్లలో ఆర్ఎంపీ దగ్గరికి పోయినట్టే. అర్ధరాత్రి పిలిస్తే పలికేది, అప్పు పెట్టేది అతనొక్కడే మరి.

ఆసుపత్రులు ఎక్కువైతే ఆరోగ్యం ఎక్కువవుతుందా? తెలంగాణ లెక్కలు చూస్తే భయం వేస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అక్కడ నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటులో అయితే 81.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. బంగ్లాదేశ్‌లో 2022 నాటికి 45. ఆంధ్రకూ బంగ్లాదేశ్‌కూ జబ్బు ఒకటే, కత్తి వైపు డబ్బు లాగే జబ్బు. శ్రీలంకలో మంత్రసాని తొమ్మిది నెలలూ వెంట ఉంటుంది. మన దగ్గర తొమ్మిదో నెలలో స్కానింగు గదిలో భయం మొదలవుతుంది. ముహూర్తాలు అడిగే కుటుంబాల బాధ్యత కూడా కొంత ఉంది, కాదనను. కానీ ఆపరేషన్‌కు వచ్చేంత డబ్బు సహజ కాన్పు కోసం రాత్రంతా కూర్చున్న నర్సుకు, డాక్టరుకు రానంతకాలం ముహూర్తాల మీద నెట్టడం న్యాయం కాదు.

కార్డు వైద్యం సంగతీ ఇలాంటిదే. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో గుండెలను, ఎన్నో పసిపిల్లలను నిలబెట్టింది. ఆ మేలు మర్చిపోకూడదు. 2018లో కేంద్రం కుటుంబానికి ఐదు లక్షల బీమాతో ఆయుష్మాన్ భారత్ తెచ్చింది. పాకిస్తాన్‌లో సెహత్ కార్డు వచ్చి ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలో అందరికీ వర్తించింది. కానీ ఈ కార్డులన్నీ ప్రధానంగా మంచం ఎక్కాక పనిచేసేవి. బీపీకి, షుగరుకు నెలనెలా కొనే మాత్రలు, రక్తపరీక్షలు, ఆటో ఖర్చు కుటుంబాన్ని మెల్లమెల్లగా కుంగదీస్తాయి. వాటికి కార్డు చాలావరకు పలకదు. భారతదేశంలో జేబు ఖర్చు 2013-14లో 64 శాతం ఉంటే 2021-22 నాటికి 39.4 శాతానికి దిగిందని ప్రభుత్వ లెక్క. మంచిదే. నెలనెలా మాత్రలు ప్రభుత్వ దవాఖానాలో ఆగకుండా దొరికితే అది ఇంకా దిగుతుంది. హైదరాబాద్‌లో 2018 నుంచి పెట్టిన బస్తీ దవాఖానాల మీద నాకున్న ఆశ అదే.

ఉద్దానం సంగతి ఇక్కడ చెప్పకుండా ముందుకు పోలేను. శ్రీకాకుళం తీరాన కొబ్బరి, జీడి తోటల మధ్య ఉన్న ఆ ఊళ్లలో షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. ఇలాంటి జబ్బే 1990ల నుంచి శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, అనురాధపుర, పొలన్నరువ జిల్లాల్లో రైతులను పట్టి పీడిస్తోంది. రెండు చోట్లా ఎండలో ఒళ్లు వంచే మనుషులే రోగులు. ఎండదెబ్బ, నీటిలోని లవణాలు, పురుగుమందులు అని రకరకాల వాదనలు ఉన్నాయి గానీ ఒకే కారణం ఇంకా తేలలేదు. రెండు ప్రభుత్వాలూ నీళ్లు మార్చాయి, డయాలసిస్ పెంచాయి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. పొలన్నరువలో చైనా సాయంతో మూత్రపిండాల ఆసుపత్రి కట్టారు. భవనాలు కావాల్సిందే. అయితే కిడ్నీ సగం పోయేదాకా నొప్పి ఉండదు. క్రియాటినిన్ పరీక్షకు ఊళ్లోనే రక్తం తీసే మనిషి ఏడాదికి రెండుసార్లు వస్తే ఎందరో డయాలసిస్ కుర్చీకి చేరడం ఆలస్యమవుతుంది.

ప్రభుత్వం చేయలేని చోట దాతృత్వం నిలబడిన ఉదాహరణలూ ఈ ప్రాంతంలో గొప్పవే. కరాచీలో డాక్టర్ అదీబ్ రిజ్వీ సివిల్ ఆసుపత్రిలో ఎనిమిది పడకల వార్డుతో మొదలుపెట్టిన సంస్థ ఇవాళ డయాలసిస్, కిడ్నీ మార్పిడి పైసా తీసుకోకుండా చేస్తుంది. అబ్దుల్ సత్తార్ ఈధీ అంబులెన్సులు చేరని ఊరు పాకిస్తాన్‌లో అరుదు. కాఠ్మాండూలో డాక్టర్ సందుక్ రుయిత్ తిల్‌గంగలో కంటి లెన్సును చవకగా తయారు చేయించి, కొండల మీద శిబిరాల్లో శుక్లాలు తీశాడు. నేపాల్ తరాయిలోని లహాన్, విరాట్‌నగర్ కంటి ఆసుపత్రుల్లో ఎక్కువమంది రోగులు బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వెళ్లేవాళ్లే. రోగులంతా భారత్‌కే వస్తారనుకునే మనకు ఈ ఎదురు ప్రయాణం తెలియాలి. అక్కడ సరిహద్దుకు వీసా లేదు, అదే తేడా.

భూటాన్, మాల్దీవులు చిన్నవి. భూటాన్ రాజ్యాంగమే ప్రాథమిక వైద్యం ఉచితమని రాసుకుంది. 2023 దాకా సొంత ఎంబీబీఎస్ కోర్సు లేని ఆ దేశపు డాక్టర్లు చాలామంది భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో చదివినవాళ్లు. ఇప్పుడు వాళ్ల నర్సులు ఆస్ట్రేలియా వెళ్లిపోవడం అక్కడి పెద్ద బెంగ. మాల్దీవుల్లో 2012 నుంచి పౌరులందరికీ ఆసంధ బీమా ఉంది, మాలేలో భారత్ కట్టించిన ఇందిరాగాంధీ స్మారక ఆసుపత్రి 1995 నుంచి ఉంది. దీవి నుంచి దీవికి పడవలో రోగిని మోసుకెళ్లడమే అక్కడి కష్టం.

రోగిని మోసుకెళ్లడం అంటే అంబులెన్స్ గుర్తొచ్చింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అనుభవం సముద్రం దాటింది. భారత్ ఇచ్చిన నిధితో, హైదరాబాద్ సంస్థ చేయూతతో 2016లో శ్రీలంకలో 1990 నంబరుతో ‘సువ సెరియ’ మొదలై, దీవి అంతటికీ విస్తరించింది. మనం వాళ్లకు అంబులెన్స్ ఇచ్చాం. వాళ్ల దగ్గర నుంచి తీసుకోవాల్సింది మాత్రం ఇంకా తీసుకోలేదు.

అది ఆ మంత్రసాని ఉద్యోగం. ఆమె లేకపోతే ఏమవుతుందో ఆఫ్ఘనిస్తాన్ చూపిస్తోంది. 2003 తర్వాత ఊళ్లలోని అమ్మాయిలకే మంత్రసాని శిక్షణ ఇచ్చి ఆ దేశం తల్లుల మరణాలను తగ్గించుకుంటూ వచ్చింది. 2024 డిసెంబరులో తాలిబాన్ ఆడపిల్లలకు నర్సింగు, మంత్రసాని చదువులు కూడా ఆపేసింది. మగ డాక్టరు ఆడవాళ్లను ముట్టుకోరాదనే చోట ఆడ వైద్యులను ఆపడమంటే కాన్పుకు చేయి అందించేవాళ్లే లేకుండా చేయడం.

మిగిలిన దేశాలు ఆ చేతిని ఆపలేదు, కానీ దానికి జీతం ఇవ్వడానికి వెనకాడాయి. నేపాల్‌లో 1988 నుంచి యాభై వేల మంది మహిళా ఆరోగ్య స్వచ్ఛంద సేవికలు పిల్లలకు విటమిన్ ఎ చుక్కలు వేస్తున్నారు, వాళ్లకు జీతం లేదు. పాకిస్తాన్‌లో 1994లో బెనజీర్ భుట్టో హయాంలో మొదలైన లేడీ హెల్త్ వర్కర్లు పోలియో చుక్కలు వేయబోయి తూటాలకు కూడా బలయ్యారు. ఏళ్ల తరబడి రోడ్ల మీద, సుప్రీంకోర్టులో పోరాడాక గానీ వాళ్ల ఉద్యోగాలు క్రమబద్ధం కాలేదు. మనదేశంలో 2005 నుంచి ఆశా కార్యకర్తలు ఉన్నారు, దాదాపు పది లక్షల మంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లకు పురస్కారం ఇచ్చింది. కొవిడ్‌లో మాస్కు కూడా సరిగా లేకుండా ఇంటింటికీ తిరిగినవాళ్లు వాళ్లే. ఆంధ్రప్రదేశ్ 2019లో వాళ్ల గౌరవ వేతనం పది వేలు చేసింది. 2023లో తెలంగాణ ఆశాలు పద్దెనిమిది వేల స్థిర వేతనం అడుగుతూ సమ్మెకు దిగారు. గౌరవ వేతనం అన్నంతకాలం పింఛను అడిగే హక్కు ఉండదు.

తెలుగు రాష్ట్రాలు రెండూ శ్రీలంక దారి పట్టగలవు. వాటికి ఆ స్తోమత ఉంది. ఆశాను ప్రభుత్వ ఉద్యోగిగా గుర్తిస్తూ జీవో రావాలి. స్థిర జీతం, ప్రసూతి సెలవు, ప్రమాద బీమా, పింఛను అందులో ఉండాలి. పది చదివిన ఆశాకు జిల్లాలోనే ఏడాదిన్నర మంత్రసాని శిక్షణ ఇచ్చి, సబ్‌సెంటర్‌లో పోస్టు ఇవ్వాలి. ఉద్దానంలో కిడ్నీ పరీక్షకు రక్తం తీయడం, బీపీ మాత్రలు ఇంటికి చేర్చడం ఆమె పనిలో భాగం కావాలి. ఆమె పరిధిలో తల్లి చనిపోతే కలెక్టరు దగ్గర జరిగే విచారణలో ఆమెను నిలబెట్టి ప్రశ్నించడం మానేసి, ఆమెకూ ఒక కుర్చీ వేయాలి.